స్కైరిమ్‌లో దొరికిన సొత్తు అమ్ముకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కైరిమ్, అంటే కత్తులూ మంత్రాలతో గుహలూ ఊళ్ళూ తిరిగే ఈ వీడియో గేమ్, 2011 నవంబర్ 11న వచ్చింది. ఇన్నేళ్ళయినా ప్రతి సెలవులకూ కొత్త బ్యాచ్ ఒకటి మొదలుపెడుతుంది, కర్నూలు నుంచి ఒకరు, తాడిపత్రి నుంచి ఇద్దరు, ప్రొద్దుటూరు నుంచి ఇంకెవరో గ్రూపులోకి వచ్చి అవే డౌట్లు అడుగుతారు. డ్రాగన్‌ని ఎలా చంపాలని అడిగేవాళ్ళు తక్కువ. "అన్నా, ఈ సామానంతా ఎవడు కొంటాడు?" అనేదే అసలు గోల. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఆటలో ఎంత దూరం వచ్చారో దాన్ని బట్టి భాగాలు చేశాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. అంకెలన్నీ మోడ్స్ (ఆటకి బయటివాళ్ళు చేసే మార్పులు) ఏవీ వేయని మామూలు ఆటవి.

## ఆట మొదట్లో

అన్నా, గుహలో కనిపించిందల్లా ఎత్తుకోవాలా?

వద్దు. ఈ ఆటలో సరుకుకి కరువు లేదు, కరువంతా రెండింటికే: మీరు మోయగలిగే బరువుకి, అంగడివాడి గల్లాపెట్టెలో డబ్బుకి. మొదట్లో మీ మోత 300. ఒక బందిపోటు ఒంటి మీది ఐరన్ ఆర్మర్ బరువు 30, విలువ 125, అంటే మోతలో పదో వంతు దానికే పోతుంది. స్పీచ్ (బేరమాడే నైపుణ్యం) 15 ఉన్నప్పుడు దానికి మీ చేతికి వచ్చేది 40 గోల్డ్ (ఆటలో డబ్బు). ఐరన్ కత్తి బరువు 9, వచ్చేది 8. అదే ఒక వజ్రం బరువు 0.1, విలువ 800. కాబట్టి ఎత్తుకునే ముందు విలువని బరువుతో భాగించి చూడండి, పది రాకపోతే అక్కడే పడేయండి. మొదటి రెండు మూడు లెవెల్స్‌లో చేతిలో చిల్లిగవ్వ ఉండదు కాబట్టి ఐదు వచ్చినా మోసుకోవచ్చు, తర్వాత ఆ అలవాటు మానేయాలి. రత్నాలు, ఉంగరాలు, హారాలు, మందు సీసాలు, మంత్రం పట్టించిన ఆయుధాలు మాత్రం కళ్ళు మూసుకుని తీసుకోండి. గోల్డ్‌కి అసలు బరువే లేదు, ఎంతైనా మోయొచ్చు.

నా వజ్రం విలువ 800 అని చూపిస్తోంది, రివర్‌వుడ్ ఊళ్ళో అంగడివాడు లూకాన్ 257 అంటున్నాడు. మోసమా?

మోసం కాదు, లెక్క. ఇన్వెంటరీలో కనిపించేది అసలు విలువ. అమ్మేటప్పుడు ఆట దాన్ని ఒక అంకెతో భాగిస్తుంది, కొనేటప్పుడు అదే అంకెతో గుణిస్తుంది. స్పీచ్ సున్నా ఉంటే ఆ అంకె 3.3, స్పీచ్ 100కి వెళ్తే 2. స్పీచ్ 15 దగ్గర అది 3.1 చిల్లర, అందుకే 800 కాస్తా 257 అయింది. స్పీచ్ 50 అయ్యాక అదే వజ్రానికి సుమారు 302 వస్తుంది, 100 అయ్యాక పెర్క్‌లు (లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్లతో తీసుకునే అదనపు శక్తులు) ఏమీ లేకుండానే 400.

తొలకరి పడగానే మన తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వెతికేవాళ్ళని చూసే ఉంటారు కదా, అక్కడ రాయి దొరికినవాడికి బేరం తెలియకపోతే కొనేవాడు చెప్పిందే రేటు. ఇక్కడా అంతే, ఒక తేడా ఏమిటంటే లూకాన్ అయినా సాలిట్యూడ్‌లో సేమా అయినా ఒకే లెక్క కడతారు. ఊరు మారితే రేటు మారుతుందేమో అని వజ్రం పట్టుకుని తిరగడం దండగ.

అంగడివాడి దగ్గర డబ్బులు అయిపోయాయి. మళ్ళీ ఎప్పుడు వస్తాయి?

ఆటలో 48 గంటలకి. బయటికొచ్చి వెయిట్ బటన్‌తో 24 గంటలు రెండుసార్లు గడిపేస్తే గల్లాపెట్టె మళ్ళీ నిండుతుంది, సరుకు కూడా మారుతుంది. చాలా అంగళ్ళు పొద్దున ఎనిమిదికి తెరిచి రాత్రి ఎనిమిదికి మూసేస్తారు, టైం చూసుకుని ఆపండి.

కానీ అంతకంటే తెలివైన పని ఇంకొకటి ఉంది. మీరు అతని దగ్గర ఏదైనా కొంటే ఆ డబ్బు అతని పెట్టెలోకే పోతుంది, వెంటనే మీ సరుకు అమ్మి దాన్ని వెనక్కి లాక్కోవచ్చు. ఎలాగూ బాణాలు, తాళం తీసే పుల్లలు, సోల్ జెమ్స్ (ఆయుధాలకి మంత్రం పట్టించడానికి వాడే రాళ్ళు), ఇన్‌గాట్స్ (లోహపు కడ్డీలు) కొనాల్సిందే. ముందు అవి కొనండి, తర్వాత అమ్మండి. బాణాలకి మామూలు మోడ్‌లో బరువు ఉండదు కాబట్టి చిల్లరకి బదులుగా తీసుకోవడానికి వాటిని మించింది లేదు. రోజులు గడిపేస్తూ కూర్చోవడం కన్నా ఇలా వస్తుమార్పిడి చేసుకోవడమే మేలని నా అభిప్రాయం, వెయిట్ బటన్ నొక్కి నొక్కి ఆట మీదే విసుగొచ్చినవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు.

ఎవరి దగ్గర ఎంత డబ్బుంటుంది? తిరగలేక చస్తున్నా.

కమ్మరి దగ్గర 1000. వైట్‌రన్‌లో బెలెథార్ లాంటి కిరాణా అంగడి వాళ్ళ దగ్గర 750, ఊళ్ళ బయట డేరా వేసుకునే ఖజీట్ (పిల్లి రూపంలో ఉండే జాతి) వర్తకుల దగ్గరా అంతే. మందుల అంగడిలో 500. పూటకూళ్ళ ఇంట్లో 100, సంతలో బల్ల పెట్టుకున్నవాళ్ళ దగ్గర 50. ఆ రోజు మీరు ఏం కొన్నారు, ఏం అమ్మారు అన్నదాన్ని బట్టి ఇవి కొంచెం అటూ ఇటూ అవుతాయి. వైట్‌రన్‌లో అయితే గేటు లోపలికి రాగానే కుడివైపు వార్‌మెయిడెన్స్ అనే కమ్మరి అంగడి, కొంచెం పైకి పోతే సంత, అక్కడే బెలెథార్, అక్కడే ఆర్కేడియా మందుల అంగడి. ఒక చుట్టు తిరిగితే రెండు వేలకు పైనే వస్తుంది, మొదటి పది లెవెల్స్‌కి ఇది చాలు.

కమ్మరి నా మందు సీసాలు తీసుకోవడం లేదేంటి? బగ్గా?

బగ్ కాదు. ఎవరి సరుకు వాళ్ళదే. కమ్మరి ఆయుధాలు, కవచాలు, లోహాలు, తోళ్ళు కొంటాడు. మందులు, మూలికలు మందుల అంగడికి పోవాలి. మంత్రాల పుస్తకాలు, సోల్ జెమ్స్, మంత్రదండాలు కోటలోని మాంత్రికుడికి. కిరాణా వాళ్ళూ ఖజీట్ వాళ్ళూ దాదాపు అన్నీ కొంటారు. కాబట్టి కత్తులూ కవచాలూ కమ్మరి మీద పారేసి, బెలెథార్ డబ్బుని నగలకీ రత్నాలకీ మిగుల్చుకోండి. బెలెథార్ దగ్గరికే ముందెళ్ళి ఇనుప హెల్మెట్లు అమ్మి, తర్వాత చేతిలో ఉంగరాలతో దిక్కులు చూసేవాళ్ళే ఎక్కువ.

పొరపాటున నా మంచి కత్తి అమ్మేశా. అదే రేటుకి వెనక్కి ఇవ్వడా?

ఇవ్వడు. అమ్మిన మరుక్షణమే అది అతని సరుకు, కొనాలంటే కొనే రేటు కట్టాలి. స్పీచ్ 15 దగ్గర విలువ 100 ఉన్న వస్తువుని 32కి అమ్ముతారు, వెనక్కి కొనడానికి 310 అడుగుతాడు, అంటే దాదాపు పదింతలు. అందుకే అంగట్లోకి అడుగు పెట్టేముందు సేవ్ కొట్టడం అలవాటు చేసుకోండి, మన వైపు ఎండాకాలంలో కరెంటు పోయే తీరుకి అది ఎలాగూ మంచిదే. ఇంకొక జాగ్రత్త: వాడే వస్తువులన్నీ ఫేవరిట్స్‌లో పెట్టండి, పేరు పక్కన గుర్తు పడుతుంది, అమ్మే లిస్టులో వేలు జారే ముందు కంటికి కనబడుతుంది.

బరువెక్కువై పరిగెత్తలేకపోతున్నా, ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్ మీద నొక్కి ఒక్కసారిగా ఊరు చేరడం) కూడా కావట్లేదు. ఉన్నదంతా పారేయాలా?

పారేయక్కర్లేదు. మూడు దారులున్నాయి. ఒకటి, వెంట వచ్చే మనిషికి మోయించడం. వైట్‌రన్‌లో థేన్ (ఆ ఊరి దొర ఇచ్చే బిరుదు) అయ్యాక లిడియా దొరుకుతుంది, మీ బరువులు మోయడానికే ఒట్టు పెట్టుకున్నానని తనే ముఖం మాడ్చుకుని చెబుతుంది. రెండు, గుర్రం. లాయంలో 1000 గోల్డ్‌కి కొనుక్కోవచ్చు, ఎంత బరువున్నా గుర్రం మీద ఎక్కితే ఫాస్ట్ ట్రావెల్ అవుతుంది. గుహలోంచి గుర్రం దాకా ఈడ్చుకుంటూ నడవడం మాత్రం మీ ఖర్మ. మూడు, స్టీడ్ స్టోన్ అనే మంత్రపు రాయి, దాన్ని ముట్టుకుంటే మోత 100 పెరుగుతుంది. లెవెల్ పెరిగినప్పుడు స్టామినా ఎంచుకుంటే ప్రతిసారీ 5 పెరుగుతుంది కానీ కేవలం మోత కోసమే స్టామినా పెంచొద్దు, ప్రాణం మీదకి వస్తుంది.

ఇంకా ఇల్లు లేదు. దారిలో ఏదో పీపాలో దాచిపెట్టొచ్చా?

దాచొద్దు. ఆటలో చోట్లు కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికొస్తాయి, మామూలుగా పది రోజులకి, మీరు పూర్తిగా ఖాళీ చేసిన గుహలైతే ముప్పైకి. అప్పుడు పీపాలోది గాలికి పోతుంది. మీరు కొనుక్కున్న ఇంట్లో పెట్టెలు భద్రం. వైట్‌రన్‌లో బ్రీజ్‌హోమ్ 5000 గోల్డ్. అంతవరకు వెంట ఉన్న మనిషే మీ బీరువా.

## కాస్త ముదిరాక

కొట్టేసిన ఉంగరం ఎవరూ కొనట్లేదు. అమ్మే లిస్టులో కూడా రావట్లేదు. ఏం చేయాలి?

ఎవరూ చూడకుండా తీసినా సరే, ఇంకొకడి సొత్తు తీస్తే దానికి దొంగసొత్తు అని గుర్తు పడిపోతుంది, మామూలు వర్తకులు దాన్ని ముట్టరు. బందిపోట్ల మీద, గుహల్లో దొరికిందానికి ఈ గుర్తు ఉండదు, చచ్చినవాడి ఒంటి మీద తీసిందానికీ ఉండదు.

దొంగసొత్తు అమ్మాలంటే రిఫ్టెన్ పోవాలి. సంతలో బ్రిన్యోల్ఫ్ అని ఒకడు పలకరిస్తాడు, వాడు చెప్పిన పనులు చేసి థీవ్స్ గిల్డ్ అనే దొంగల ముఠాలో చేరితే ర్యాగెడ్ ఫ్లాగన్ అనే వాళ్ళ సారా అంగట్లో టోనిలియా కొంటుంది. మొదట ఆమె దగ్గర 1000 ఉంటుంది. గిల్డ్‌లోని డెల్విన్, వెక్స్ ఇచ్చే చిన్న పనులు ఒక ఊళ్ళో ఐదు అయ్యాక ఆ ఊరికి ఒక పెద్ద పని వస్తుంది. వైట్‌రన్, మార్కార్త్, సాలిట్యూడ్, విండ్‌హెల్మ్ నాలుగూ ముగిస్తే ఆమె పెట్టెలో 4000 దాకా ఉంటుంది. టోనిలియానే మిమ్మల్ని రిసాద్ అనే ఖజీట్ దగ్గరికి మూన్ షుగర్ ఇచ్చి పంపుతుంది, అది అందజేస్తే ఖజీట్ డేరాలన్నీ దొంగసొత్తు కొనడం మొదలుపెడతాయి. నన్నడిగితే ఆ పనిని వాయిదా వేయొద్దు.

గిల్డ్ గొడవ వద్దనుకునేవాళ్ళకి ఒక చిట్కా: కొట్టేసినది ముడిసరుకైతే, అంటే ఇన్‌గాట్, తోలు, మూలిక లాంటిదైతే, దాంతో ఏదైనా తయారు చేయండి. తయారైన వస్తువుకి గుర్తు ఉండదు.

కాపలావాళ్ళు పట్టుకున్నారు, జరిమానా కట్టేశా. నా సరుకేదీ?

దొంగసొత్తు అని గుర్తున్నదంతా లాక్కుంటారు, జరిమానా కట్టినా అంతే, జైలుకి పోయినా అంతే. మీ సొంతం మాత్రం మీకే తిరిగొస్తుంది. లాక్కున్న దొంగసొత్తుని జైలు దగ్గర సాక్ష్యాల పెట్టెలో పెడతారు, తాళం తీసే చేయి ఉంటే మళ్ళీ కొట్టేయొచ్చు. మూట నిండా దొంగసొత్తు పెట్టుకుని కాపలావాడి ముందు తిరగడమెందుకు, ముందు అమ్మేసి రండి.

స్పీచ్‌లో పెర్క్ పాయింట్లు పెట్టడం దండగ అంటున్నారు, నిజమేనా?

సగం నిజం. హ్యాగ్లింగ్ అనే పెర్క్‌కి ఐదు మెట్లు, మొదటిది 10 శాతం, తర్వాత 15, 20, 25, చివరికి 30 శాతం ఎక్కువ వస్తుంది. ఐదు పాయింట్లు పెట్టి ఇది తెచ్చుకునే బదులు ఒక మెట్టు ఎక్కి అక్కడి నుంచి అల్యూర్ అనే పెర్క్ తీసుకుని, స్పీచ్ 50 కాగానే మర్చంట్ పెర్క్ పట్టుకోండి. ఆ మర్చంట్ ఒక్కటే అసలు విషయం. అది ఉంటే ఏ వర్తకుడికైనా ఏ సరుకైనా అమ్మొచ్చు, మందుల అంగట్లో గొడ్డళ్ళు, కమ్మరికి క్యాబేజీలు. ఊళ్ళో ఉన్న గల్లాపెట్టెలన్నీ మీకోసమే అయినట్టు.

పైనున్నవి: స్పీచ్ 70కి ఇన్వెస్టర్, 500 గోల్డ్ ఇస్తే ఆ అంగడిలో డబ్బు శాశ్వతంగా పెరుగుతుంది. 90కి ఫెన్స్, మీరు డబ్బు పెట్టిన అంగళ్ళలో దొంగసొత్తు అమ్మొచ్చు. 100కి మాస్టర్ ట్రేడర్, ప్రపంచంలో ప్రతి వర్తకుడి దగ్గరా 1000 గోల్డ్ అదనం. స్పీచ్ 100 చేరేసరికి చాలామందికి డబ్బు అవసరమే ఉండదు, కాబట్టి అక్కడి దాకా పాయింట్లు దాచుకోవడం నాకు నచ్చదు. మర్చంట్ దగ్గర ఆగిపోండి, మిగిలినవి కత్తికో మంత్రానికో పెట్టుకోండి.

రేటు పెంచే తాయెత్తులు నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి. జెనితార్ అనే దేవుడి తాయెత్తు వేసుకుంటే 10 శాతం మెరుగు, జెనితార్ గుళ్ళో దీవెన తీసుకున్నా 10 శాతం. దీవెన ఎనిమిది గంటలే ఉంటుంది. సాలిట్యూడ్‌లోని గుడిలో ఆ విగ్రహం ఉంది, ముందు మొక్కి తర్వాత అదే ఊళ్ళో అమ్ముకోండి. డిబెల్లా అనే దేవత తాయెత్తు స్పీచ్‌నే 15 పెంచుతుంది. హ్యాగ్లింగ్ పేరుతో మందు సీసాలూ దొరుకుతాయి, అవి అంగట్లోకి పోయే ముందే తాగండి.

డ్వార్వెన్ శిథిలాల్లో ఇత్తడి సామాను గుట్టలుగా ఉంది. అమ్మితే లాభమా?

అలాగే అమ్మితే నష్టం, కరిగిస్తే లాభం. (డ్వార్వెన్ అన్నా డ్వెమర్ అన్నా ఒకటే.) సాలిడ్ డ్వెమర్ మెటల్ ఒక్కటి 25 బరువు, విలువ కూడా 25. కొలిమిలో వేస్తే 5 ఇన్‌గాట్స్ వస్తాయి, ఒక్కోటి బరువు 1, విలువ 30. బెంట్ డ్వెమర్ స్క్రాప్ అయితే ఇంకా మేలు, బరువు 2, విలువ 15, దాంట్లోంచి 3 ఇన్‌గాట్స్. ముందు ఆ వంకర ముక్కలు ఏరుకోండి, దిమ్మలు తర్వాత. వైట్‌రన్‌లో వార్‌మెయిడెన్స్ బయటే కొలిమి ఉంది. జాగ్రత్త, పళ్ళ చక్రాలు, గిన్నెలు, పళ్ళేలు కరగవు, అవి బరువుకి తప్ప దేనికీ పనికిరావు. మెరుస్తున్నాయని మోసుకొచ్చినవాళ్ళు ఎంతమందో.

చేతిలో డబ్బు లేదు, గుహలకి పోవాలంటే భయం. వేరే దారి?

వైట్‌రన్‌కి ఉత్తరాన హాల్టెడ్ స్ట్రీమ్ క్యాంప్ ఉంది, అక్కడి బందిపోట్లని కొట్టగలిగితే ట్రాన్స్‌మ్యూట్ అనే మంత్రం పుస్తకం దొరుకుతుంది. ఇనుప ఖనిజాన్ని వెండి చేస్తుంది, వెండిని బంగారం చేస్తుంది. విలువ 2 ఉన్న ముడి ఇనుము కాస్తా 50 విలువ చేసే ముడి బంగారం. రెండు ముడి బంగారాలు కలిపితే 100 విలువ చేసే ఇన్‌గాట్. మంత్రం వేయాలంటే మ్యాజికా (మంత్రశక్తి) బాగా తింటుంది, మొదట్లో ఒక్కోసారి వేసి ఆగి ఆగి వేయాలి. ఆ పనిలో ఆల్టరేషన్ అనే మంత్ర నైపుణ్యం కూడా పెరుగుతుంది కాబట్టి వృథా పోదు.

ఏవి అమ్మకూడదు? ఒక్క ముక్కలో చెప్పన్నా.

ఒక్క ముక్కలో కుదరదు. రిఫ్టెన్‌లో బాలిముండ్ అనే కమ్మరికి పది ఫైర్ సాల్ట్స్ కావాలి. అదే సంతలో నగల మదేసికి ఏనుగుదంతం, అంటే మ్యామత్ టస్క్, ఒక మచ్చలేని నీలం, కొంచెం ముడి బంగారం కావాలి. అదే ఊళ్ళో టాలెన్-జేకి మచ్చలేని అమెథిస్ట్‌లు మూడు. వైట్‌రన్‌లో యిసోల్డాకి ఒక దంతం. ఇవన్నీ పక్కన పెట్టుకోండి, తర్వాత వెతకాలంటే ప్రాణం పోతుంది. డేద్రా (ఆటలోని రాక్షస జాతి) గుండెలు కూడా ఉంచండి, పెద్ద కవచాలకి కావాలి.

పెట్టెలో దొరికే "అసాధారణ రత్నం" ఒకటుంది, అది బారెంజియా రాళ్ళలో ఒకటి, మొత్తం 24. అమ్మలేరు, పారేయలేరు, ఒక్కోటి అర బరువు. మొదటిది తీసుకోకుండా వదిలేస్తేనే హాయి అని నా మాట, ఎందుకంటే ఒకటి ఎత్తుకున్నాక మిగిలిన 23 కోసం మనసు లాగుతుంది. అన్నీ దొరికితే మంచి బహుమతే ఉంది, వెతుక్కుంటూ దేశమంతా తిరిగే ఓపిక ఉంటేనే.

## బాగా డబ్బొచ్చాక

డ్రాగన్ ఎముకలు అమ్మాలా, ఉంచాలా?

ఎముక బరువు 15, విలువ 500. పొలుసు 10, విలువ 250. బరువుకి తగ్గ విలువే. స్మితింగ్‌ని (కమ్మరిపని నైపుణ్యం) వందకి తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే ఇంట్లో పెట్టెలో వేయండి, ఆ కవచానికి అవే కావాలి. ఆ ఉద్దేశం లేనివాళ్ళు, ముఖ్యంగా మంత్రాలతో ఆడేవాళ్ళు, నిరభ్యంతరంగా కమ్మరికి అమ్మేయొచ్చు. దారిపొడవునా డ్రాగన్లు పడుతూనే ఉంటాయి.

నేను మంత్రం పట్టించిన కత్తి విలువ రెండు వేలు దాటింది. కొనే మొగాడే లేడు.

వర్తకుడి దగ్గర తక్కువుంటే ఉన్నంతకే ఇచ్చేస్తావా అని ఆట అడుగుతుంది. వెంటనే అవునని కొట్టొద్దు. ముందు అతని అంగట్లో మీకు పనికొచ్చే ఖరీదైనది ఏదైనా తీసుకోండి: ఫుల్ సోల్ జెమ్స్, మంత్రాల పుస్తకం, ఎబొనీ ఇన్‌గాట్స్. అతని పెట్టెలో డబ్బు పెరుగుతుంది, అప్పుడు కత్తి అమ్మండి. ఉదాహరణకి అతని దగ్గర 500 ఉండి మీ కత్తికి 1300 పలుకుతుంటే, 800 పెట్టి సోల్ జెమ్స్ కొని కత్తి అమ్మితే లెక్క సరిపోయింది, ఆ జెమ్స్‌తోనే ఇంకో కత్తి తయారు. బానిష్ అనే మంత్రం పట్టిస్తే ఆయుధం విలువ బాగా పెరుగుతుంది, ఇనుప చురకత్తి చాలు.

వర్తకుడిని కొట్టి లోడ్ చేస్తే డబ్బు మళ్ళీ వస్తుందట, నిజమా?

నిజమే. సేవ్ చేసి, వర్తకుడిని ఒక్క దెబ్బ కొట్టి, ఆ సేవ్ లోడ్ చేస్తే గల్లాపెట్టె, సరుకు రెండూ కొత్తవి అవుతాయి. పనిచేస్తుంది. నాకు నచ్చదు, అంగట్లో కూర్చుని అదే పని గంటసేపు చేసేవాడికి గుహలెందుకు, డ్రాగన్లెందుకు? మీ ఆట మీ ఇష్టం. చేసేటట్టయితే వేరే స్లాట్‌లో ఇంకొక సేవ్ పెట్టుకోండి, ఆటో సేవ్ మధ్యలో పడి దెబ్బలాట నిజమైపోతే ఊరంతా మీ మీద పడుతుంది.

నా ఊళ్ళో వర్తకుడు చచ్చిపోయాడు. ఇప్పుడు?

డ్రాగన్లు వచ్చినప్పుడు, డాన్‌గార్డ్ అనే అదనపు భాగం వేసుకున్నవాళ్ళకి రక్తపిశాచులు వచ్చినప్పుడు అంగడివాళ్ళు చాకులూ బాకులూ పట్టుకుని ఎదురెళ్తారు, పాపం. పాత సేవ్ ఉంటే వెనక్కి పోండి. లేకపోతే వేరే ఊరి అంగళ్ళు చూసుకోవాలి. ఊళ్ళోకి రాత్రిపూట ఫాస్ట్ ట్రావెల్ చేయడం తగ్గిస్తే పిశాచుల బాధ తగ్గుతుంది.

లక్ష గోల్డ్ దాటింది. ఇంకా ఏరుకోవాలా?

ఖర్చు పెట్టండి ముందు. సాలిట్యూడ్‌లో ప్రౌడ్‌స్పైర్ మేనర్ 25000, విండ్‌హెల్మ్‌లో హ్యేరిమ్ 12000, మార్కార్త్, రిఫ్టెన్ ఇళ్ళు ఒక్కోటి 8000, సామాన్లకి ఖర్చు వేరే. లెవెల్‌కి ఐదుసార్లు గురువుల దగ్గర శిక్షణ తీసుకోవచ్చు, పై లెవెల్స్‌లో దానికి అయ్యే ఖర్చు చూస్తే లక్ష ఎంతో కాలం ఆగదు. అవన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలితే కత్తులూ కవచాలూ శవాల మీదే వదిలేసి రత్నాలూ సోల్ జెమ్స్ మాత్రం ఏరుకోండి.